వేసవి సెలవులకు ఏ క్లిక్ ఆట కొనాలి? ముందు మషినేరియం, తర్వాతే మిగతావి

బెజవాడ, గుంటూరుల్లో మే నెల వచ్చిందంటే పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా పిల్లల్ని గుమ్మం దాటనివ్వరు. ఇంట్లో ఉండేదేమో ఆఫీసు పనికి కొన్న మామూలు లాప్‌టాప్. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. అందులో పెద్ద కాల్పుల ఆట ఎక్కిస్తే ఫ్యాను ఆగకుండా మోగుతుంది, కీబోర్డు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఇలాంటి ఇంటికి, ఇలాంటి మధ్యాహ్నాలకు సరిగ్గా కుదిరేవి పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ ఆటలు. మౌస్ ఒక్కటి చాలు. తెర మీద ఒక బొమ్మ, అందులో మన మనిషి. నేల మీద క్లిక్ చేస్తే నడుస్తాడు, వస్తువు మీద చేస్తే తీసుకుంటాడు, ఇంకో మనిషి మీద చేస్తే మాట్లాడతాడు. వేళ్ల వేగంతో పనిలేదు. మధ్యలో లేచి మామిడిపండు తినొచ్చినా ఆట అక్కడే ఆగి ఉంటుంది.

గంట లెక్కన డబ్బు తీసుకునే గేమింగ్ సెంటర్‌కి మాత్రం ఇవి పనికిరావు. సగం ఆట తెరవైపు చూస్తూ ఆలోచించడమే కదా, ఆ ఆలోచనకు కూడా బిల్లు పడుతుంది. కాబట్టి ఇంటికి కొనుక్కోవాల్సిందే. ఏది కొనాలన్నదే ప్రశ్న.

ముందు కొలత ఏమిటో చెప్పుకుందాం. ఈ ఆటల్లో ఇరుక్కోవడం తప్పదు, అందుకే ఆడతాం కూడా. తేడా ఎక్కడంటే, జవాబు తెలిశాక కోపం ఎవరి మీదికి వెళ్తుందన్న దగ్గర. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’ అని అమ్మమ్మ పొడుపు కథ వేస్తే పిల్లలు పది నిమిషాలు కొట్టుకుని, ‘కనురెప్పలు’ అనగానే నెత్తి బాదుకుంటారు. అమ్మమ్మను మాత్రం ఏమీ అనరు. తలుపులన్నది ఆవిడే, చప్పుడు కావన్నదీ ఆవిడే, ఆధారాలన్నీ ముందే ఇచ్చేసింది. మంచి క్లిక్ ఆట కూడా అంతే. జవాబు కళ్లముందే ఉంటుంది, మనకే తట్టదు.

చెడ్డదానికి బాగా పేరుపడ్డ ఉదాహరణ 1999లో సియెర్రా కంపెనీ తెచ్చిన గాబ్రియెల్ నైట్ 3. హీరో తన స్నేహితుడి వేషంలో వెళ్లి మోటారు బండి అద్దెకు తీసుకోవాలి. దానికి ఏం చెయ్యాలో చూడండి. షెడ్డు తలుపుకున్న కన్నం దగ్గర టేపు అంటించాలి. పిల్లి మీద నీళ్లు చిమ్మితే అది బెదిరి ఆ కన్నంలోంచి దూరుతుంది, దాని బొచ్చు టేపుకు అంటుకుంటుంది. ఆ బొచ్చును తియ్యటి పాకంతో మూతికి అంటించుకుంటే మీసం. ఇంతా చేసి ఆ స్నేహితుడికి మీసమే లేదు! కాబట్టి అతని పాస్‌పోర్టు కొట్టేసి, ఫోటో మీద పెన్నుతో మీసం గియ్యాలి. లేని మీసం కోసం పిల్లిని పట్టుకోవాలని ఎవరికి తడుతుంది? ఇక్కడ ఆడేవాడు ఓడిపోలేదు, పజిల్ రాసినవాడు ఓడిపోయాడు.

అంతకంటే పెద్ద పాపం ఇంకోటుంది. ఆట ముందుకు సాగే దారి మూసుకుపోయినా ఆ సంగతి మనకు చెప్పకపోవడం. అదే కంపెనీవారి కింగ్స్ క్వెస్ట్ 5 (1990)లో చేతిలో ఒక తియ్యటి ‘పై’ (కస్టర్డ్ నింపిన కేకులాంటి తినుబండారం) ఉంటుంది. కొండల్లోకి వెళ్లేసరికి హీరోకి ఆకలేస్తుంది. ఆ ‘పై’ తినిపిస్తే ఆకలి తీరుతుంది, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కాసేపటికి మంచు రాక్షసుడు ఎదురైతే వాడి మొహాన కొట్టాల్సింది ఆ తినుబండారాన్నే. అది కడుపులో ఉంది. పాత సేవ్ (అంతకుముందు ఆటను దాచుకున్న చోటు) ఉంటే వెనక్కి పోవాలి, లేదంటే మొదటినుంచి. అదే ఆటలో పిల్లి తరుముతున్న ఎలుకను, కనిపించిన ఆ కొద్ది క్షణాల్లో, చేతిలో ఉన్నది విసిరి కాపాడకపోతే ఇంకా ఘోరం. చాలాసేపటి తర్వాత హీరోను తాళ్లతో కట్టేస్తారు, తాడు కొరికి విడిపించాల్సింది ఆ ఎలుకే. ఇలాంటి ఆటల్ని ‘పాతబంగారం’ అని సేల్‌లో చవగ్గా అమ్ముతుంటారు. పిల్లలకు మొదటి ఆటగా వీటిని కొనిపెట్టకండి. క్లిక్ ఆటలంటేనే విరక్తి పుడుతుంది.

ఇక మషినేరియం. 2009 అక్టోబరులో వచ్చింది. చేసింది చెక్ రిపబ్లిక్‌లోని అమనీటా డిజైన్ అనే చిన్న బృందం. తుప్పుపట్టిన ఇనుప ఊరు ఒకటి, దాని బయట చెత్తకుప్ప. జోసెఫ్ అనే చిన్న రోబోను అక్కడ పారేస్తారు. తల ఒకచోట, కాలు ఒకచోట, చెయ్యి ఒకచోట. ముందు ఒళ్లు కూర్చుకోవాలి, తర్వాత ఊళ్లోకి దూరాలి, నల్లటోపీల ముఠా పెట్టిన బాంబు సంగతి చూడాలి, నేస్తం బెర్తాను విడిపించుకోవాలి. ఇంత కథలోనూ సంభాషణ ఒక్క ముక్క ఉండదు. ఎవరికి ఏం కావాలన్నా నెత్తిమీద బుడగ తేలి అందులో గీతల బొమ్మ కదులుతుంది. మెనూలు తప్పిస్తే చదవాల్సింది దాదాపు ఏమీ లేదు.

మన ఇళ్లకు ఇదెందుకు ముఖ్యమంటే, ఈ తరహా ఆటల్లో అధికభాగం ఇంగ్లిషు మాటల మీదే నడుస్తాయి. మంకీ ఐలాండ్ 2 (1991)లో జలపాతం దగ్గరి పంపు తిప్పడానికి, మత్తులో బిగుసుకుపోయిన కోతిని వాడాలి. అమెరికాలో ఒకరకం పానాకు మంకీ రెంచ్ అని పేరు, అదీ హాస్యం. ఆ పేరు తెలియనివాళ్లు అక్కడ తలకిందులుగా తపస్సు చేసినా లాభం లేదు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు పానా పట్టిన మెకానిక్‌కు కూడా తట్టదు. మషినేరియంలో ఆ బెడద లేదు. మూడో తరగతి పిల్ల, ఇంగ్లిషు రాని అమ్మమ్మ, ఇంజినీరింగ్ చదివే అన్నయ్య ముగ్గురూ ఒకే తెర ముందు కూర్చుని సమానంగా బుర్ర పెట్టగలరు. అన్నయ్యకు పెద్దగా అనుకూలం ఉండదు కూడా.

రెండో తెర ఒక్కటి దగ్గరగా చూద్దాం, ఆట గుణమంతా అందులో ఉంది. ఇది ఊరి ద్వారం కాబట్టి జవాబు చెప్పేసినా మీ ఆనందం పెద్దగా తగ్గదు. మధ్యలో లోతైన గండి, అవతల కాపలా రోబో, వంతెన వాడి అదుపులో ఉంటుంది. జోసెఫ్ వెళ్లి నిలబడితే పొమ్మంటాడు. అయితే నీలం టోపీ, దానిమీద దీపం పెట్టుకున్న రోబో వస్తే దర్జాగా వంతెన వేస్తాడు. చెప్పాల్సింది ఇంతటితో చెప్పేశారు. ఇప్పుడు తెర మీద ఉన్నవేమిటి? రోడ్డు మీద పెట్టే ట్రాఫిక్ కోన్, నీలం రంగు, దీపస్తంభానికి బల్బు. కోన్‌కు రంగు పట్టించి, కొనకు బల్బు తగిలించి నెత్తిన పెట్టుకుంటే సరి. కావలసిన మూడూ అదే తెరలో ఉన్నాయి. ఏం సాధించాలో కళ్లతో చూపించారు. కష్టమంతా ‘కోన్ టోపీలా ఉంది కదా’ అని తట్టడంలోనే. తట్టగానే మిగతా పని చకచకా జరిగిపోతుంది. పిల్లలు దీన్ని మనకంటే ముందు పట్టేస్తారు. కోన్‌ను నెత్తిన పెట్టుకోవాలన్న కోరిక వాళ్లకు ఎలాగూ ఉంటుంది.

ఈ ఆటలోని అసలు తెలివి మాత్రం ఇంకోచోట ఉంది. జోసెఫ్‌కు చెయ్యి అందిన వస్తువుల మీదే క్లిక్ పనిచేస్తుంది. చిన్న నిబంధనలా కనిపిస్తుంది కానీ, ఈ తరహా ఆటల్ని మొదటినుంచీ పట్టి పీడిస్తున్న ఒక జబ్బుకు ఇదే మందు. పాత ఆటల్లో ఇరుక్కుంటే జనం ఆలోచించడం మానేసి, మౌస్‌ను తెర ఎడమ చివర నుంచి కుడి చివరకు, పైనుంచి కిందికి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు తిప్పేవాళ్లు. బాణం గుర్తు ఎక్కడ మారితే అక్కడ క్లిక్. అలా వెతికితే కళ్లు నొప్పి తప్ప ఆట ఉండదు. మషినేరియంలో ఆ ఏరుడు కుదరదు, ఎందుకంటే దూరంగా ఉన్న వస్తువు మీద మౌస్ పెట్టినా గుర్తు మారదు. ముందు ‘అక్కడికి వెళ్తే ఏదో ఉండొచ్చు’ అనుకుని నడిపించాలి. అంటే బొమ్మను చూడక తప్పదు. బొమ్మలన్నీ చేత్తో గీసినవి, చూసేకొద్దీ ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

దీనికి తోడు జోసెఫ్ ఒళ్లు టెలిస్కోపులా సాగుతుంది. వాడిని మౌస్‌తో పట్టుకుని పైకి లాగితే పొడుగవుతాడు, కిందికి లాగితే డబ్బాలా కుదించుకుపోతాడు. పొడుగైతే పైనున్నది అందుతుంది, పొట్టైతే కిందిది. కొత్తగా ఆడేవాళ్లు ‘ఇక్కడేమీ క్లిక్ కావట్లేదు’ అని చేతులెత్తేసే చోట్లలో ఎక్కువ వాటికి కారణం ఇదే, మామూలు ఎత్తులో మాత్రమే చూడటం. అనుమానం ఉన్న ప్రతి చోటా నిలబెట్టి, మామూలుగా ఒకసారి, పొడుగ్గా ఒకసారి, పొట్టిగా ఒకసారి చూడాలి. వస్తువుల సంచీ తెర పైఅంచున దాక్కుని ఉంటుంది, మౌస్ పైకి తీసుకెళ్తేనే దిగుతుంది. సంచీలో రెండు వస్తువుల్ని కలపాలంటే ఒకదాన్ని తీసి ఇంకోదానిమీద పెట్టాలి. ఇదీ చాలామంది ఆలస్యంగా గమనించే సంగతే.

సూచనలు ఇచ్చే పద్ధతి మనకు తెలిసిన క్లిక్ ఆటలన్నిటిలోకీ ఇందులోనే తెలివిగా ఉంది. రెండు మెట్లు. మొదటిది బల్బు గుర్తు. నొక్కితే జోసెఫ్ నెత్తిమీద బుడగలో ఒక బొమ్మ, ఈ తెరలో చివరికి ఏం సాధించాలో చెబుతుంది. ఎలా అన్నది చెప్పదు. రెండోది తాళం వేసిన పుస్తకం. అందులో ఆ తెరకు పూర్తి పరిష్కారం బొమ్మల కథలా గీసి ఉంటుంది. అయితే తాళం తీయాలంటే ఒక చిన్న ఆట ఆడాలి. తాళంచెవి సాలెపురుగుల్ని కాల్చుకుంటూ తాళం దాకా ఎగురుకుంటూ పోవాలి. ఆ చిన్న ఆట కావాలనే విసుగ్గా చేశారు. ప్రతి తెరకూ మళ్లీ ఆడాలి. దాంతో జవాబు చూడటం నిషేధం కాదు, ఊరికే రాదు కూడా. రెండు నిమిషాల విసుగు ఒకవైపు, మరికాసేపు ఆలోచన ఒకవైపు పెడితే జనం ఎక్కువసార్లు ఆలోచనే ఎంచుకుంటారు. యూట్యూబ్‌లో మొత్తం ఆట వీడియో ఉందని పిల్లలకు తెలియనివ్వకండి. ఈ ఏర్పాటంతా ఒక్క దెబ్బతో కూలిపోతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఊరి మధ్యకు చేరాక చాలా తెరలు ఒకేసారి తెరుచుకుంటాయి, వాటి మధ్య అటూ ఇటూ తిరగాలి, జోసెఫ్ నడక నత్తనడక. తొందరగా నడిపించే వీలు లేదు. అంతకంటే పెద్ద ఫిర్యాదు లెక్కల పజిళ్ల మీద. వస్తువులతో, మనుషులతో హాయిగా సాగుతున్న ఆట మధ్యలో ఆగిపోయి, ఇదిగో ముక్కలు జరుపు, ఇదిగో గుర్తులు సరిచెయ్యి అంటుంది. వాటికీ కథకూ సంబంధం ఉండదు. ఆదివారం పేపర్లోంచి కోసి అతికించినట్టుంటాయి. బార్‌లో ఒక రోబోతో వరుసగా ఐదు పేర్చే పందెం ఉంది, గెలిస్తే తప్ప ముందుకు దారి లేదు. ఆ రోబో మెతకది కాదు. కిటుకు ఏమిటంటే, దాని వరుస ఒకటి మూడుకు చేరి రెండు కొసలూ ఖాళీగా ఉంటే వెంటనే అడ్డం వెయ్యాలి, నాలుగయ్యాక అడ్డుకోలేం. గెలవాలంటే ఒకే ఎత్తుతో రెండు వైపులా మూడేసి వరుసలు తయారయ్యేలా చూడాలి. ఒకటి మూస్తే రెండోది మిగులుతుంది. ఎన్నిసార్లైనా మళ్లీ ఆడొచ్చు, నష్టం లేదు. ఇంట్లో ఇలాంటి ఆటలు ఇష్టపడే మనిషి ఒకరుంటారు, ఆ కాసేపు మౌస్ వాళ్లకు ఇచ్చేయండి.

అలవాటు లేనివాళ్లకు మొత్తం ఐదారు గంటల ఆట. రక్తం, తుపాకీ గొడవ లేదు. ముఠా వాళ్లు జోసెఫ్‌ను ఏడిపించే పాత జ్ఞాపకాలు కొన్ని వస్తాయి, చిన్నపిల్లలు జాలిపడతారంతే. ఐప్యాడ్‌కు, ఆండ్రాయిడ్‌కు కూడా ఉంది. టాబ్లెట్ అయితే బాగుంటుంది. ఫోన్‌లో మాత్రం వద్దు, వస్తువులు చిన్నవి, వేలు పెడితే వస్తువే కప్పుకుపోతుంది. లాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్‌తో జోసెఫ్‌ను సాగదీయడం నరకం, ఏదో ఒక చవక మౌస్ తగిలించండి. మొదట్లో ఈ ఆటను ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో చేశారు, తర్వాత ఇంజిన్ (ఆటను లోపల నడిపించే సాఫ్ట్‌వేర్) మార్చారు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాత కాపీలో ఫుల్ స్క్రీన్ సరిగ్గా రాకపోతే ఆశ్చర్యం లేదు.

పజిళ్ల కల్పనలో మషినేరియాన్ని మించింది కావాలంటే, ఇంగ్లిషు చదవడం ఇబ్బంది లేనివాళ్లకు డే ఆఫ్ ది టెంటకిల్ రీమాస్టర్డ్. అసలు ఆట 1993 నాటిది, లూకాస్‌ఆర్ట్స్‌ది. 2016లో డబుల్ ఫైన్ కంపెనీ బొమ్మలన్నీ కొత్తగా గీయించి మళ్లీ తెచ్చింది. ముగ్గురు స్నేహితులు కాలయంత్రం పాడై మూడు కాలాల్లో ఇరుక్కుంటారు. బెర్నార్డ్ ఇప్పటి కాలంలో, హోగీ రెండు వందల ఏళ్ల వెనక, లావెర్న్ రెండు వందల ఏళ్ల ముందు. ముగ్గురూ ఉన్నది అదే ఇల్లు. చిన్న వస్తువుల్ని ఒకరి దగ్గర్నుంచి ఒకరికి పంపుకోవచ్చు, పంపేది టాయిలెట్‌లో ఫ్లష్ చేసి. పిల్లలకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు, వెంటనే ఆడతామంటారు.

ఈ ఆటలో పజిల్ ఎలా నడుస్తుందో చూడండి. భవిష్యత్తులో లావెర్న్ చెట్టుకు వేలాడుతూ ఇరుక్కుపోయింది. ఆ చెట్టు గతంలోనూ ఉంది, హోగీకి కనిపిస్తుంది. గతంలో జార్జి వాషింగ్టన్ కూడా ఉన్నాడు. చెర్రీ చెట్టు నరికానని తండ్రి దగ్గర ఒప్పుకున్న కథ మన ఇంగ్లిషు మీడియం పిల్లలకూ తెలిసిందే. ఈ చెట్టు చెర్రీ కాదు, కమలాల జాతి కమ్‌క్వాట్. కాయలకు ఎర్రరంగు పూస్తే వాషింగ్టన్ చెర్రీ అనుకుని గొడ్డలి వేస్తాడు. నాలుగు వందల ఏళ్ల అవతల చెట్టు మాయం, లావెర్న్ కిందపడుతుంది. ఇంకోటి, వినెగర్ కావాలి, ఎక్కడా లేదు. గతంలో ద్రాక్షసారా సీసా ఉంది. దాన్ని భూమిలో పాతిపెట్టే పెట్టెలో వేసేస్తే, లావెర్న్ కాలంలో పెట్టె తెరిచేసరికి పులిసి వినెగర్ అయిపోయి ఉంటుంది. కారణం ఒక కాలంలో, ఫలితం ఇంకో కాలంలో. మొదటి రెండు మూడు పజిళ్లలోనే ఆట ఈ సూత్రం నేర్పేస్తుంది, ఆ తర్వాత మీరే ‘ఇది అప్పుడు చేస్తే ఇప్పుడేమవుతుంది’ అని ఆలోచించడం మొదలుపెడతారు. పిచ్చి తర్కమే, కానీ ఆ పిచ్చికి ఒక నియమం ఉంది, దాన్ని ఆట ఎక్కడా తప్పదు. పిల్లిబొచ్చు మీసానికి లేనిది అదే.

ముగ్గురు మనుషులుండటం వల్ల ఇంకో లాభం. ఒకరి దగ్గర దారి మూసుకుపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లి వేరే పని చూసుకోవచ్చు. ఒకే తాళం ముందు అరగంట కూర్చోవాల్సిన అవసరం రాదు. పైగా ఇందులో హీరోలు చావరు, దారి శాశ్వతంగా మూసుకుపోదు. 1990 నాటి మంకీ ఐలాండ్‌లోనూ ఆ కంపెనీ ఈ పద్ధతే పట్టింది. మంకీ ఐలాండ్‌లో చావు ఒక్కచోటే ఉంది, అదీ జోకు కోసం. పది నిమిషాలు ఊపిరి బిగబడతానని డబ్బా కొట్టుకునే హీరోను నిజంగానే పది నిమిషాలు నీళ్లలో వదిలేస్తే చచ్చిపోతాడు.

టెంటకిల్‌తో వచ్చే చిక్కు అమెరికా చరిత్ర. ఫ్రాంక్లిన్ గాలిపటం, మెరుపు కథ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది కాబట్టి పర్వాలేదు. ఆ దేశపు మొదటి జెండా కుట్టిందని చెప్పుకునే బెట్సీ రాస్ పేరు మాత్రం మనవాళ్లలో ఎక్కువమందికి తెలియదు, ఆవిడతో కూడా ఒక పనుంది. హాస్యం మాటల వేగంలో ఉంటుంది, సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి. పాత పద్ధతిలో తొమ్మిది క్రియల పట్టిక కింద ఉండేది, ఇవ్వు, తీసుకో, తెరువు, తొయ్యి, లాగు ఇలా. రీమాస్టర్డ్‌లో వస్తువు మీద నొక్కితే దానికి పనికొచ్చే క్రియలు మాత్రమే చక్రంలా వస్తాయి. పట్టిక కంటే ఇదే సుఖం. పాత బొమ్మలు, పాత శబ్దాలు, పాత పట్టిక మూడింటినీ విడివిడిగా మార్చుకునే వీలుంది, కాసేపు సరదాకు చూడండి.

బ్రోకెన్ స్వోర్డ్ గురించి క్లుప్తంగా. 1996 నాటి ఆట, 2024లో రీఫోర్జ్‌డ్ పేరుతో బొమ్మలు మార్చుకుని వచ్చింది. పారిస్‌లో కాఫీ హోటల్లో బాంబు పేలడంతో మొదలై డిటెక్టివ్ నవల చదివినట్టు సాగుతుంది. కథ కావాలనుకునే పెద్దవాళ్లకు మూడింటిలో ఇదే తగినది. అయితే ఐర్లండ్ ఘట్టంలో మేక ఒకటుంది, మూడు దశాబ్దాలుగా జనం దాన్ని తిట్టుకుంటూనే ఉన్నారు. శిథిలాల్లో నిచ్చెన దిగబోతే ఆ మేక కుమ్మి పడేస్తుంది. అసలు ఆటలో జవాబు ఇది: కుమ్మించుకుని, లేచిన వెంటనే, అది మళ్లీ సర్దుకునే లోపు, పక్కనున్న పాత సేద్యపు యంత్రం మీద క్లిక్ చెయ్యాలి. మేక తాడు అందులో చిక్కుకుంటుంది. జవాబు అంత కష్టమైనదేం కాదు. అప్పటిదాకా ఆ ఆట ఎక్కడా వేగం అడగలేదు, ఒక్కసారిగా ఇక్కడ అడిగింది, అడుగుతున్నట్టు చెప్పనూ లేదు. సరైన వస్తువునే క్లిక్ చేసి, నెమ్మదిగా చేసినందుకు పనిచేయక, ‘ఇది కాదేమో’ అని వదిలేసినవాళ్లు లెక్కలేనంతమంది. రీఫోర్జ్‌డ్‌లో సూచనలిచ్చే స్టోరీ మోడ్ ఉంది, మొదటిసారి ఆడేవాళ్లు అది పెట్టుకున్నా పరువు పోదు.

డబ్బు పెట్టే ముందు రుచి చూడాలంటే ఉచితంగా ఒకటి దొరుకుతుంది, చట్టబద్ధంగానే. బ్రోకెన్ స్వోర్డ్ చేసిన రివల్యూషన్ వాళ్లదే, 1994 నాటి బినీత్ ఎ స్టీల్ స్కై. 2003లో దాన్ని ఉచితం చేశారు. స్కమ్‌వీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి పాత ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లలో నడిపిస్తుంది. దాని వెబ్‌సైట్ నుంచే సాఫ్ట్‌వేరూ, ఆటా రెండూ దించుకోవచ్చు. ఆట రెండు రకాలుగా ఉంటుంది, గొంతులున్న సీడీ రకం తీసుకోండి. జిప్ ఫైల్‌ను ముందు ఒక ఫోల్డర్‌లోకి విప్పాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, జిప్‌ను అలాగే ఉంచి చూపిస్తే స్కమ్‌వీఎం ఆటను గుర్తుపట్టదు. విప్పాక యాడ్ గేమ్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించి, స్టార్ట్ నొక్కితే మొదలవుతుంది. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే తెర నిండా వస్తుంది, కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే సేవ్ చేసే మెనూ. మొదటి తెరలో తలుపు బిగుసుకుపోయి ఉంటుంది, మెట్ల దగ్గర ఒక ఇనుప ఊచ వదులుగా ఉంటుంది. మిగతాది మీరే చూసుకోండి. ఇందులో ఎడమ క్లిక్ చూడటానికి, కుడి క్లిక్ చెయ్యడానికి. ఇప్పటి అలవాటుకు తలకిందులు కాబట్టి కాసేపు తికమకగా ఉంటుంది. కొన్నిచోట్ల హీరో చచ్చిపోతాడు, కాబట్టి కొత్త చోటికి వెళ్లే ముందు సేవ్ చెయ్యండి.

ఏ ఆటలోనైనా ఇరుక్కున్నప్పుడు సంచీలోని ప్రతి వస్తువునూ ప్రతి వస్తువు మీదా రుద్దడం మొదలుపెట్టారంటే ఆట అయిపోయినట్టే లెక్క. అప్పుడు జవాబు దొరికినా ఎందుకు పనిచేసిందో తెలియదు, దాంతో తర్వాతి పజిల్‌కు కావాల్సిన పాఠం నేర్చుకోలేరు. దానికి బదులు కాగితం తీసి, ఇప్పుడు తెరుచుకోనివి ఏమేమిటో రాసుకోండి. మూసిన తలుపు, దారి ఇవ్వని మనిషి, అందని వస్తువు. సంచీలో ఉన్నవాటిని పక్కన రాస్తే సగంసార్లు జత అక్కడే కనబడుతుంది. మాటలున్న ఆటల్లో ఏదైనా పెద్ద పని జరిగిన ప్రతిసారీ అందరి దగ్గరికీ మళ్లీ వెళ్లి మాట్లాడాలి, కొత్త సంగతులు చెబుతారు. అయినా కుదరకపోతే యూనివర్సల్ హింట్ సిస్టం అనే పాత సైటు ఉంది. అందులో ప్రశ్న ఎంచుకుంటే సూచనలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి, మొదటిది లీలగా, ఆఖరుది పూర్తి జవాబు. మొదటి సూచన చదివి ఆగగలిగితే గెలుపు ఇంకా మీదే.

టీవీకి పెట్టుకుంటే ఇల్లంతా కలిసి ఆడొచ్చు. హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించి, విండోస్ మీట, పీ కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోవాలి. మౌస్ తీగ సోఫా దాకా రాదు, వైర్‌లెస్ మౌస్ మేలు. మషినేరియం దూరం నుంచి చక్కగా కనిపిస్తుంది, మాటలున్న ఆటల్లో అక్షరాలు చిన్నగా పడితే లాప్‌టాప్ రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించి చూడండి. మౌస్ పెద్దవాళ్ల చేతిలో ఉండకూడదు, చిన్నవాళ్లకిచ్చి మిగతావాళ్లు సలహాలివ్వాలి. లేకపోతే పిల్లలు ప్రేక్షకులై, కాసేపటికి ఫోన్లు తీస్తారు.

కొనడానికి రెండు ఆన్‌లైన్ దుకాణాలు, స్టీమ్, జీఓజీ. స్టీమ్‌లో రూపాయల్లో ధర, యూపీఐతో చెల్లించవచ్చు. విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే ధర తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. ఈ ఆటలకు తగ్గింపులు తరచూ వస్తాయి కాబట్టి పూర్తి ధరకు కొనే తొందర అక్కర్లేదు. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి ఇస్తారు. మీ లాప్‌టాప్‌లో నడుస్తుందో లేదో, పిల్లలకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఆ రెండు గంటలు ఎక్కువే. సెలవులకు తెనాలిలోనో, రేపల్లెలోనో తాతగారింటికి వెళ్తూ అక్కడ నెట్ ఉండదనుకుంటే జీఓజీలో కొనండి. ఈ మూడు ఆటలూ అక్కడ ఉన్నాయి. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఏ కంప్యూటర్‌లోనైనా నెట్ లేకుండానే ఎక్కుతుంది. ఇన్‌స్టాలర్‌తో పాటు మీరు ఆడిన సేవ్ రాదు, అది మొదటి లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. సగం ఆడి ఊరెళ్తుంటే సేవ్ ఫోల్డర్‌ను కూడా వెతికి అదే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.